చెవిని నమ్ముకున్న మెకానిక్

ఆటోనగర్‌లో నలభై ఏళ్ళకు పైగా బళ్ళు బాగుచేశాను. పోయినేడు షెడ్డు మూసేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎదురుపడితే, మీ అనుభవంలోంచి ఒక మాట చెప్పండి అంటారు. నేను చెప్పేది విని కొంచెం నిరాశపడతారు. నేను ఇంజను గురించి చెప్పను. చెవుల గురించి చెబుతాను.

పానా విరిగితే ఇంకో పానా కొనుక్కోవచ్చు. జాకీ అరువు తెచ్చుకోవచ్చు. నా పని మాత్రం మొత్తం చెవి మీద నడిచింది. ఆ చెవి నాకు తెలియకుండానే పోయింది. మెకానిక్‌కి చెవి పోతే పోయేది అతని పని ఒక్కటే కాదు. అతను బాగుందని చెప్పిన బండిలో కూర్చునే మనుషులు కూడా పోవచ్చు. ఒకసారి దాదాపు అంతపనీ అయింది. అది రాయడానికే ఈ కాగితాలు.

నా చెవి సంగతి నాకంటే చాలా ముందే తెలిసినవాడు ఒకడున్నాడు. మా షెడ్డులో టింకరింగ్ చేసే ఏడుకొండలు. సొట్టలు తీయడం, తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతకడం అతని పని. ఇద్దరం ఒకే రేకుల కప్పు కింద ముప్ఫై ఏళ్ళు పనిచేశాం. ఏడాదిన్నర కిందట అతను పోయాడు. ఉండి ఉంటే దీన్ని చదివేవాడు కాదు. "నువ్వే చదువు మేస్త్రీ, నాకు వినపడుతుందిగా" అనేవాడు.

ఇంజను పాడుతుందనీ, మాట్లాడుతుందనీ కొందరు రాస్తారు. మధ్యాహ్నం పూట లైబ్రరీ పుస్తకాలు చదివే అలవాటు వల్ల అలాంటివి నేనూ చాలా చదివాను. నమ్మలేదు. ఇంజను పాడదు. అరుగుతుంది. అరిగేటప్పుడు శబ్దం చేస్తుంది. ఆ శబ్దం ఎక్కణ్ణించి వస్తోందో కనుక్కోవడమే మా పని.

పెద్ద మేస్త్రీ

నాకు పని నేర్పినాయన్ని అందరూ పెద్ద మేస్త్రీ అనేవాళ్ళు. నోట్లో కిళ్ళీ, చేతిలో మూరెడు స్క్రూడ్రైవర్. బండి రాగానే స్టార్ట్ చెయ్యమనేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. బండి యజమాని చేతులు కట్టుకుని నిలబడేవాడు, డాక్టరు ముందు నిలబడ్డట్టు. కాసేపటికి కళ్ళు తెరిచి, రెండో సిలిండరులో ఫలానాది అరిగిందని చెప్పేవాడు. విప్పి చూస్తే అక్కడే ఉండేది.

నేను అదే నేర్చుకున్నాను. పదేళ్ళు తిరిగేసరికి నాకూ పేరొచ్చింది. గుడివాడ నుంచి, ఉయ్యూరు నుంచి బళ్ళు వచ్చేవి. బండి వీధి మలుపు తిరుగుతుండగానే రోగం చెప్పేస్తాడని జనం చెప్పుకునేవాళ్ళు. నేను కాదనలేదు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి కొన్నిసార్లు బండి రాకముందే డ్రైవరుకు ఫోన్ చేసి ఏమైందో అడిగి తెలుసుకునేవాణ్ణి. ఈ సంగతి ఇప్పుడు చెప్పినా నష్టం లేదు.

చివరి రోజుల్లో పెద్ద మేస్త్రీ గట్టిగా మాట్లాడేవాడు. ఏ బండి తెచ్చినా "టాపెట్లు" అనేవాడు, అవి ఇంజను పైభాగంలో టకటకలాడే ముక్కలు. బ్రేకులు పట్టడం లేదని వచ్చినవాడికి కూడా టాపెట్లే అన్నాడు. వయసు మీదపడిందని నవ్వుకున్నాం. నలభై ఏళ్ళు ఇంజనుకు ఆనించిన చెవి ఏమవుతుందని ఒక్కరం ఆలోచించలేదు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

దూది

టింకరు చెవిటివాడని లోకం అనుకుంటుంది. రోజంతా రేకు మీద సుత్తి దెబ్బలు కదా. ఏడుకొండలును కూడా అలాగే అనుకునేవాళ్ళు. పిలిస్తే పలికేవాడు కాదు. దగ్గరికెళ్ళి భుజం తట్టాల్సిందే.

అసలు విషయం ఏమిటంటే అతను చెవుల్లో దూది పెట్టుకునేవాడు. కొబ్బరినూనెలో ముంచిన దూది ఉండలు, వాటి మీద తలగుడ్డ. వాళ్ళది కొల్లేరు పక్క ఊరు, చేపలు పట్టే కుటుంబం. పనికి వచ్చిన మొదటివారం చెవులు గింగురుమంటే వాళ్ళమ్మ పెట్టి పంపిందట. అప్పటి నుంచీ మానలేదు. దూది తీస్తే చీమ నడిచినా వినేవాడు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెవిటివాడనుకుంటే చాలా సుఖం అనేవాడు. బండి యజమానులు అతని ముందే మా గురించి ఏమనుకుంటున్నారో మాట్లాడుకునేవాళ్ళు. సాయంత్రం టీ తాగుతూ అన్నీ నాకు అప్పజెప్పేవాడు, వాళ్ళ గొంతులతో సహా. నా గురించి వాళ్ళన్న మంచి మాటలు మాత్రం మర్చిపోయేవాడు.

అతనికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. నా పనిలో వేలు పెట్టేవాడు. నేను బండి పూర్తిచేసి, రోడ్డు మీద తిప్పి, బాగుందని తాళం యజమానికి ఇవ్వబోతుంటే వచ్చేవాడు. "మేస్త్రీ, ఆ బెల్టు పాతదేనా?" అనేవాడు. లేకపోతే "వెనక చక్రానికి గ్రీజు పెట్టావా?" అని. ఒక టింకరు మెకానిక్‌ని అడగాల్సిన ప్రశ్నలు కావవి. నాకు ఒళ్ళు మండేది. నీ రేకుల పని నువ్వు చూసుకో అనేవాణ్ణి. అతను అక్కణ్ణించి కదిలేవాడు కాదు. అతని నోరు మూయించడానికే బండి కిందికి దూరేవాణ్ణి. తీరా చూస్తే బెల్టు పగిలి ఉండేది. బేరింగు ఎండిపోయి ఉండేది. బయటికొచ్చి, ముందే అనుమానం వచ్చిందని చెప్పేవాణ్ణి. అతను తల ఊపి వెళ్ళిపోయేవాడు. నేను అదృష్టవంతుణ్ణి అనుకునేవాణ్ణి. అదృష్టానికి తలగుడ్డ ఉంటుందని అప్పుడు తెలియదు.

ఆదివారం ఇంజనీర్లు

ఈ మధ్యకాలంలో మా దగ్గరికి కొత్తరకం మనుషులు రావడం మొదలైంది. వీళ్ళకి బండి పాడవదు. బాగున్న బండిని మార్చమని తెస్తారు. తుప్పు పట్టిన జీపు కొంటారు, దాన్ని ఎత్తు పెంచమంటారు, లారీకి వేసేంత టైర్లు వెయ్యమంటారు. నీళ్ళలో నడిచేటప్పుడు ఇంజను ఊపిరి తీసుకోవడానికని ఒక గొట్టం పైకి పెట్టించుకుంటారు. కాలువ గట్టు కూడా దిగని బండికి ఆ గొట్టం ఎందుకని అడిగితే నొచ్చుకుంటారు. ఫోన్లో వీడియో చూపించి, అమెరికాలో ఇలా చేశారండీ అంటారు. మనం అమెరికా వాణ్ణి ఏమీ అనలేం.

ఆదివారం ఆదివారం నలుగురైదుగురు చేరేవాళ్ళు. వాళ్ళలో పళ్ళ డాక్టరు ఒకాయన, చేపల చెరువులున్నాయన ఒకాయన. అందరిలోకీ ముఖ్యుడు రఘురామ్ గారు. కోచింగ్ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఏ బోల్టుకు ఎంత బలం కావాలో కాగితం మీద లెక్కకట్టి ఇచ్చేవారు. ఆ బోల్టు ఎటు తిప్పితే వదులవుతుందో మాత్రం ప్రతిసారీ అడిగేవారు.

వీళ్ళని చూసి నవ్వే కుర్ర మెకానిక్‌లకు ఒక మాట. నేనూ నవ్వాను. కానీ బండితో వచ్చిన పుస్తకం చదివేది వీళ్ళే. మనం చదవం. బోల్టు ఎంత బిగించాలో మనకు చెయ్యి చెబుతుంది అనుకుంటాం. రఘురామ్ గారు ఒకసారి బిగింపు కొలిచే పానా తెచ్చి, నేను బిగించిన ఎనిమిది బోల్టులూ కొలిచారు. ఎనిమిదీ ఎనిమిది రకాలుగా ఉన్నాయి. "చాలా వైవిధ్యం ఉందండీ" అన్నారు. ఏడుకొండలు అవతల నుంచి దగ్గాడు. అతను నవ్వాడని నాకు తెలుసు.

రఘురామ్ గారి జీపు గుడివాడలో ఒక రైసుమిల్లు వెనక ఏళ్ళ తరబడి ఎండకి ఎండింది. ఏడాది పట్టింది దాన్ని నిలబెట్టడానికి. కింద రేకంతా ఏడుకొండలు కొత్తగా వేశాడు. ఇంజను నేను చేశాను. చివరికి నాలుగు అంగుళాలు ఎత్తు పెంచాలన్నారు. పెంచాను. ఎత్తు పెరిగితే ఇంజను నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే పొడుగాటి షాఫ్టు ఏటవాలుగా వేలాడుతుంది. దాని చివర జాయింటు మీద భారం పడి తొందరగా అరుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనా లెక్కకట్టి అదే చెప్పారు. గ్రీజు బాగా పెడితే చాలండీ అన్నాను. లెక్క చూపించిన మనిషికి నేను అనుభవం చూపించాను. అది నా మొదటి తప్పు.

పిచ్చుకలు

పెద్ద పని చేసిన ప్రతి బండినీ హనుమాన్ జంక్షన్ దాకా నడిపి తీసుకురావడం మా షెడ్డు ఆచారం. హైవే మీద వెళ్ళి, అక్కడ టీ తాగి, తిరిగి వస్తే బండిలో దాగున్న రోగం ఏదైనా బయటపడుతుంది. ఏడుకొండలు కూడా తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడాలని ఎక్కేవాడు. ఆ వారం అతను లేడు. భార్యకు కంటి ఆపరేషనైతే నాలుగు రోజులు ఊరెళ్ళాడు.

జీపును రఘురామ్ గారు నడిపారు. నేను పక్కన కూర్చున్నాను. వెనక సీట్లో వాళ్ళమ్మగారు. జంక్షన్‌లో ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టించాలని ఆవిడ పట్టుబట్టి ఎక్కారు. ఎనభై ఏళ్ళుంటాయి. జీపు ఎక్కించడానికి స్టూలు వెయ్యాల్సొచ్చింది. "ఇంత ఎత్తు ఎందుకురా, ఏనుగు అంబారీలా" అన్నారు. కొడుకు చెప్పిన కారణం ఆవిడకి నచ్చలేదు.

గన్నవరం దాటాక ఆవిడ ముందుకు వంగారు. "అబ్బాయ్, నా కాళ్ళకింద పిచ్చుకలు అరుస్తున్నాయేంటి?"

రఘురామ్ గారు కొంచెం నెమ్మది చేశారు. "నాకూ ఏదో వినపడుతోందండీ మేస్త్రీగారూ. కిచకిచమని."

నాకేమీ వినపడలేదు. ఇంజను చప్పుడు బాగా వినపడుతోంది, టైర్ల మోత వినపడుతోంది, పక్కన పోయే లారీ వినపడుతోంది. పిచ్చుకలు మాత్రం లేవు. అప్పుడు నేను చేసింది మీరు గుర్తుపెట్టుకోవాలి. నాకు వినపడలేదని చెప్పలేదు. "కొత్త రబ్బరు బుష్‌లండీ, నాలుగు రోజులు అలాగే అరుస్తాయి" అన్నాను.

వినపడని శబ్దానికి కారణం చెప్పాను. నలభై ఏళ్ళ పేరున్నవాడే ఇలాంటి తప్పు చెయ్యగలడు. కొత్తగా వచ్చినవాడైతే దిగి చూసేవాడు.

గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టించారు. టీ తాగాం. తిరుగుప్రయాణంలో రోడ్డు ఖాళీగా ఉందని ఆయన వేగం పెంచారు. ఎనభై దాటింది. ఆవిడ పిచ్చుకలు ఎక్కువయ్యాయన్నారు. కొడుకు నా వైపు చూశారు. నేను రోడ్డు వైపు చూశాను.

కాసేపటికి ముందు ఒక వరిగడ్డి ట్రాక్టరు అడ్డం వచ్చింది. రోడ్డు సగం ఆక్రమించి, గడ్డి రాలుస్తూ పోతోంది. ఆ ట్రాక్టర్లను మన జిల్లాలో తిట్టని డ్రైవరు ఉండడు. ఆయనా తిట్టి వేగం ఇరవైకి తగ్గించారు. పక్కకు తప్పుకుని దాన్ని దాటడానికి యాక్సిలరేటర్ తొక్కారు. అప్పుడు వెనక జాయింటు విరిగింది. షాఫ్టు వెనక కొస రోడ్డు మీద పడి, తిరుగుతూ కింద రేకును రెండు మూడుసార్లు బాదింది. ఆవిడ కాళ్ళు పెట్టుకున్నచోట రేకు గిన్నెలా పైకి లేచింది. జీపు రోడ్డు పక్కకు జరిగి ఆగింది. ప్రసాదం, కొబ్బరి చిప్పలు అన్నీ కిందపడ్డాయి.

అదే ఎనభైలో విరిగి ఉంటే ఆ షాఫ్టు రేకును చీల్చుకుని సీట్లోకి వచ్చేది. నేను కిందికి దిగి జాయింటు చూశాను. గ్రీజు బాగా పెడితే చాలన్నాను కానీ, లోపల గ్రీజు లేదు. తుప్పు పొడి ఎర్రగా రాలుతోంది. అలా ఎండిన జాయింటు విరగడానికి ముందు చాలాసేపు కిచకిచమంటుంది. ఆ సంగతి మా దగ్గర పనికి చేరినవాడికి మొదటి నెలలోనే చెబుతాం.

ఆవిడకు దెబ్బ తగల్లేదు. సీటు కమ్మీ పట్టుకుని, కొడుకును కాదు, నన్ను చూశారు. "పిచ్చుకలు ఎగిరిపోయాయి నాయనా" అన్నారు.

టీ కొట్టు దగ్గర

మూడోరోజు ఏడుకొండలు ఊరి నుంచి వచ్చాడు. అదేరోజు సాయంత్రం రఘురామ్ గారు వచ్చారు. కోపంగా వస్తే బాగుండేది. ఆయన కుతూహలంతో వచ్చారు. తనకు వినపడిన శబ్దం, ఎనభై ఏళ్ళ వాళ్ళమ్మగారికి వినపడిన శబ్దం, పక్కనే కూర్చున్న నాకెందుకు వినపడలేదని ఆలోచించారట, విని ఉంటే బండి ఆపించేవాణ్ణి కదా అని.

"ఒక చిన్న ప్రయోగం అండీ, మీరేమీ అనుకోకపోతే" అన్నారు. ఎదుటి టీ కొట్టు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఫోన్లో శబ్దాలు పుట్టించే ఏదో ఉంది. ముందు బండ శబ్దం పెట్టారు, తర్వాత కొంచెం సన్నగా, ఇంకా సన్నగా. వినపడుతోందా అంటే వినపడుతోందన్నాను. నాకు ధైర్యం వచ్చింది.

"ఇప్పుడు?" అన్నారు.

"పెట్టండి" అన్నాను.

ఆయన నా వైపే చూస్తున్నారు. నేను టీ గ్లాసు పట్టుకుని చుట్టూ చూశాను. టీ కొట్టాయన గిన్నె దించి ఒక చెవి మూసుకున్నాడు. బెంచీ కింద పడుకున్న కుక్క లేచి వెళ్ళిపోయింది. ఏడుకొండలు తలగుడ్డ తీసి, దూది సరిచేసుకుంటూ అన్నాడు. "ఆపండి మేష్టారూ, పళ్ళు జివ్వుమంటున్నాయి."

ఫోన్ అప్పటికే మోగుతోంది. ఎంతసేపటి నుంచి మోగుతోందో నాకు తెలియదు.

రఘురామ్ గారు ఫోన్ జేబులో పెట్టుకుని, ఇది చాలామందికి వస్తుందనీ, ముందు సన్నని శబ్దాలే పోతాయనీ, అందుకే మనిషికి తెలియదనీ ఏదో పాఠం చెప్పారు. మంచి మాష్టారు. నాకు అందులో ఒక్క ముక్కా ఎక్కలేదు.

ఆయన వెళ్ళాక షెడ్డులోకి వచ్చాం. ఏడుకొండలు రేకు ముక్క ముందేసుకుని కూర్చున్నాడు.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగాను.

"ఏంటి?"

"నాకు వినపడదని."

అతను సుత్తి పక్కన పెట్టాడు. "ఆ ఉయ్యూరు మిల్లాయన కారు బెల్టు కీచుమని అరుస్తా ఉంటే, నువ్వు పక్కన నిలబడి పేపరు చదువుకున్నావు చూడు. అప్పటి నుంచి."

"ఐదేళ్ళయింది."

"ఏడు."

"ఏడేళ్ళు తెలిసి నోరు మూసుకున్నావా?"

"ఎక్కడ మూసుకున్నాను? బెల్టు పాతదేనా అని అడిగాను. గ్రీజు పెట్టావా అని అడిగాను. నీ చేత తిట్లు కూడా తిన్నాను."

ఏడేళ్ళుగా నేను అదృష్టం అనుకున్నవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"నేరుగా చెప్పొచ్చుగా" అన్నాను.

"చెవిటి టింకరు వచ్చి నీకు వినపడదు మేస్త్రీ అంటే నమ్మేవాడివా? వీధంతా నవ్వేది, ముందు నువ్వు నవ్వేవాడివి." కోపం వచ్చినా బాధ కలిగినా నన్ను 'మీరు' అనడం అతని అలవాటు. "తప్పు నాదేనండీ. నాలుగు రోజులు ఊరెళ్ళాను. వెళ్ళేటప్పుడన్నా మీకు చెప్పి వెళ్ళాల్సింది. ఆ పెద్దావిడకి ఏమన్నా అయ్యుంటే ఇద్దరం కలిసి చేసినట్టే."

నా పరువు కాపాడటానికి అతను చేసింది మంచిపనా కాదా అని చాలామంది అడుగుతారు. నా తీర్పు ఇది. మంచివాడు చేసిన చెడ్డపని. అతనికీ అదే చెప్పాను. ఒప్పుకున్నాడు. తోటివాడి చెవో కన్నో పోయిందని మీకు తెలిస్తే, ప్రశ్నలు అడుగుతూ కూర్చోకండి. అతను తిట్టినా సరే, నేరుగా చెప్పండి. ఏడేళ్ళు నన్ను ఎవరూ తిట్టకుండా కాపాడినందుకు వెనక సీట్లో కూర్చున్న మనిషి కాళ్ళు పోయేవి.

అడిగి తెలుసుకోవడం

జీపును రెండు అంగుళాలు దించాం. షాఫ్టు ఏటవాలు తగ్గేలా కింద ముక్కలు వేశాం. రఘురామ్ గారి లెక్క ప్రకారం చేశాను. ఈసారి అనుభవం చూపించలేదు.

చెవి మిషన్ పెట్టించుకున్నాను. అది ఇంట్లో బాగా పనికొచ్చింది. షెడ్డులో పనికిరాలేదు. దానికి హారనూ, సుత్తీ, ఎండిన బేరింగూ అన్నీ ఒకటే. అన్నిటినీ పెద్దవి చేసి చెవిలో పోస్తుంది. అయినా మొదటిరోజు పెట్టుకుని వెళ్ళాను. ఒక కొత్త సంగతి తెలిసింది. ఏడుకొండలు పనిచేస్తున్నంతసేపూ గొణుగుతాడు. కాస్త దగ్గరికెళ్ళి విన్నాను. గొణుగుడంతా నా గురించే. పానాలు ఎక్కడివక్కడ పడేస్తాననీ, పుస్తకం పట్టుకుంటే లోకం తెలియదనీ.

"ఇన్నేళ్ళుగా ఇలా తిడుతున్నావా?" అన్నాను.

అతను ఉలిక్కిపడి నా చెవి వైపు చూశాడు. "ఆ మిషను తీసెయ్ మేస్త్రీ, నీకు నప్పలేదు" అన్నాడు.

పని పద్ధతి మార్చాం. బండి యజమాని పక్కన కూర్చోవాల్సిందే. నేను ముందే చెప్పేసేవాణ్ణి, నాకు సన్న శబ్దాలు వినపడవండీ, మీరు విని చెప్పండి అని. కొంతమంది బండి తీసుకుని వేరే షెడ్డుకు వెళ్ళారు. వాళ్ళను తప్పుపట్టను. ఆదివారం ఇంజనీర్లకు మాత్రం పండగైంది. వాళ్ళను ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ అడగలేదు మరి. పళ్ళ డాక్టరుగారు ఏ శబ్దం విన్నా, పిప్పిపన్ను గీకినట్టుందండీ అనేవారు. చెరువులాయనకు అన్నీ నీళ్ళ మోటారు శబ్దాలే. వాళ్ళ మాటలు పట్టుకుని రోగం వెతకడం నేర్చుకున్నాను. ఎప్పుడు వస్తోంది, బ్రేకు తొక్కితే పెరుగుతోందా, మలుపులో ఆగుతోందా. అంతకుముందు యజమాని నోరు తెరిస్తే ఆగమనేవాణ్ణి, ఇంజను చప్పుడు వినాలని. సగం రోగం ఆయనే చెబుతున్నాడని అప్పుడు తెలియలేదు. చివర్లో ఏడుకొండలు దూది తీసి ఒకసారి వినేవాడు. ఇక దొంగప్రశ్నలు లేవు. "కుడిపక్క వెనక" అని నేరుగా చెప్పేవాడు. అలా ఏడాదికి కొంచెం తక్కువ నడిచింది. నేను చేసిన పనిలో ఆ కొద్దికాలమే మంచిపని అనుకుంటాను.

ఒక శనివారం అతను రాలేదు. మధ్యాహ్నం కబురొచ్చింది, గుండెపోటని. వాళ్ళ ఊరు వెళ్ళాను. కొల్లేరు గట్టు మీద మనుషులు చాలామంది ఉన్నారు. వాళ్ళలో చాలామంది అతనికి చెవుడని చెప్పుకుంటున్నారు. నేను సరిదిద్దలేదు.

చివరి బండి

అతను పోయాక కూడా కొన్నాళ్ళు షెడ్డు తెరిచాను. అలవాటు కొద్దీ. ఒకరోజు కంకిపాడు నుంచి ఒకాయన కారు తెచ్చి వదిలి, సాయంత్రం వస్తానని బజారుకు వెళ్ళాడు. ముందు చక్రం బేరింగు మార్చాలి. మార్చాను. శుభ్రంగా కుదిరింది. ఒక్కణ్ణే ఎక్కి నాలుగు వీధులు తిప్పాను. చేతికి ఏ తేడా తెలియలేదు. చెవికి ఏమీ వినపడలేదు. బాగుందనే అనిపించింది.

ఎదురు వరసలో కిరణ్ అనే మెకానిక్ సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, పని తెలిసినవాడు. కారు అతని షెడ్డు ముందు ఆపాను. ఒకసారి తిప్పి చూడమన్నాను. అతను మొహమాటపడ్డాడు. "మీ పని నేను చూడటమేంటి మేస్త్రీగారూ" అన్నాడు. చూడమని మళ్ళీ చెప్పాను.

తిప్పుకొచ్చాడు. దిగి తాళం నా చేతిలో పెట్టాడు. "చాలా బాగా కుదిరిందండీ. చిన్న చప్పుడు కూడా లేదు."

"సరే. రేపటి నుంచి నా దగ్గరికి వచ్చే బళ్ళు నువ్వు చూసుకో" అన్నాను.

అతను అయోమయంగా చూశాడు. "అదేంటండీ? మీరు చేసింది కరెక్టుగానే ఉందిగా?"

కరెక్టుగానే ఉంది. ఆ సంగతి నేను అతన్ని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. సాయంత్రం కంకిపాడు ఆయన వచ్చి, బాగుందా మేస్త్రీగారూ అని అడిగాడు. బాగుందట, తీసుకెళ్ళండి అన్నాను.